కెమెరాలు వెలిగినంత మాత్రాన టీమ్ కలుస్తుందా?

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో పదకొండు మందిమి. హైదరాబాద్‌లో నలుగురు, విశాఖలో నాతో కలిపి ఇద్దరు, కరీంనగర్, భీమవరం, భువనేశ్వర్‌లలో ఒక్కొక్కరు, అమెరికాలోని డాలస్‌లో ఇద్దరు ఉంటారు. అందరిదీ ఇంటి నుంచే పని. హైదరాబాద్ వాళ్ళు మాత్రం వీలున్నప్పుడు ఆఫీసుకు వెళ్ళి వస్తుంటారు. రోజూ ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే చిన్న మీటింగులో, అంటే స్టాండప్‌లో, అందరూ కెమెరాలు ఆపేసి ‘నిన్నటి పనే నడుస్తోంది, ఇబ్బందేమీ లేదు’ అని ముగించేస్తారు. శుక్రవారం సాయంత్రం ఆటలు, అంత్యాక్షరి పెట్టాను. కొద్ది వారాలకే నలుగురం మిగిలాం. భువనేశ్వర్ ఆయన తప్ప అందరం తెలుగువాళ్ళం కాబట్టి మాకో వాట్సాప్ గ్రూపు ఉంది, అక్కడ సందడి బాగానే ఉంటుంది. అయినా ఈ ఏడాది ఇద్దరు రాజీనామా చేశారు. వారిలో కరీంనగర్ అబ్బాయి ఇప్పుడు నోటీసు పీరియడ్‌లో ఉన్నాడు. హైదరాబాద్ వాళ్ళు టీ తాగుతూ అనుకున్న ఒక మార్పు తెలియక అతను నాలుగు రోజులు పాత డిజైన్ మీదే పనిచేశాడు, అది కోడ్‌ను సరిచూసే రివ్యూలో బయటపడింది. ‘నేను టీమ్‌లో ఉన్నానో లేదో నాకే అర్థం కావడం లేదు’ అన్నాడు. కెమెరా తప్పనిసరి చేయమని, వారానికి రెండు రోజులు అందరినీ దగ్గరలోని ఆఫీసుకు రప్పించమని మా మేనేజర్ అంటున్నారు. టీమ్ వాతావరణం బాగుపడాలంటే నేను ఏం చేయాలి?
— ఒక టీమ్ లీడ్, విశాఖపట్నం

సమాధానం: కెమెరాల గురించి, శుక్రవారపు ఆటల గురించి మీరు ఎక్కువ దిగులు పడుతున్నట్టున్నారు గానీ, లేఖ చదువుతుంటే నా దృష్టి నిలిచిపోయింది టీ దగ్గర జరిగిన ఆ నిర్ణయం మీదే. పక్కనున్నవారితో రెండు మాటలు అనుకుని ఒక సంగతి తేల్చేయడంలో తప్పేమీ లేదు. ఆఫీసుల్లో సగం పనులు అలాగే తెములుతాయి. అయితే ఆ మాట నలుగురి మధ్యే ఉండిపోయి, కరీంనగర్‌లో కూర్చున్న మనిషికి నాలుగు రోజుల శ్రమ వృథా అయ్యాక గానీ అందలేదంటే, ఆ లోటును ఏ అంత్యాక్షరీ పూడ్చలేదు. ఇంటి నుంచి పనిచేసే టీమ్‌లో వాతావరణం అనేది పని నుంచి విడిగా ఎక్కడో ఉండదు. ఏ సంగతి ఎవరికి ఎప్పుడు తెలుస్తోంది, సందేహం వస్తే ఎక్కడ అడగవచ్చు, చేసిన పని ఎవరి కంట పడుతోంది అన్నవాటిలోనే అది ఉంటుంది. కాబట్టి మీ ఆటల జాబితాను కొంతకాలం పక్కన పెట్టి, టీమ్‌లో సమాచారం నడిచే దారులను ముందు సరిచేయమని నా సలహా.

దూరదూరాన ఉండి కలిసి పనిచేసేవారి మధ్య ఎక్కడ చెడుతుందో కేథరిన్ క్రామ్టన్ అనే పరిశోధకురాలు 2001లో ప్రచురించిన అధ్యయనంలో చాలా వివరంగా చూపించారు. మూడు ఖండాల విశ్వవిద్యాలయాల విద్యార్థులతో ఏర్పడిన 13 బృందాలు తమలో తాము రాసుకున్న సందేశాలను ఆమె పరిశీలించారు. కొందరికి అందిన సమాచారం మరికొందరికి అందకపోవడం, అందినా అందులో ముఖ్యమైనదేదో ఒక్కొక్కరు ఒక్కో విధంగా అనుకోవడం అడుగడుగునా కనిపించాయి. అన్నిటికంటే చిక్కుపెట్టింది మౌనం. ఎదుటివారు జవాబివ్వకపోతే అది ఒప్పుకోలా, అలకా, ఊళ్ళో లేకపోవడమా, అసలు సందేశమే చేరలేదా అన్నది తెలిసేది కాదు. తెలియనప్పుడు మనుషులు పరిస్థితిని కాక మనిషిని తప్పుపట్టారు. అవతలివారికి బాధ్యత లేదని, పొగరని తీర్మానించుకున్నారు. మీ టీమ్‌లో డాలస్ వాళ్ళ గురించి ఇక్కడివారు, ఇక్కడివారి గురించి డాలస్ వాళ్ళు ఏమనుకుంటున్నారో ఒకసారి విడివిడిగా అడిగి చూడండి. ఇలాంటి తీర్మానాలు కొన్ని అక్కడ కూడా ఈపాటికి పాతుకుపోయి ఉంటాయని నా అనుమానం.

మొదటి పనిగా, నిర్ణయాలన్నీ చేరే చోటు ఒక్కటే ఉండేలా చూడండి. అది మీ చాట్‌లో ఒక ఛానల్ కావచ్చు, మీరు ఇప్పటికే వాడుతున్న వికీలో (అందరూ కలిసి రాసుకునే పేజీల్లో) ఒక పేజీ కావచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ కొనవలసిన పని లేదు. అక్కడ రాసే నోటు ఎలా ఉండాలంటే, ఉదాహరణకు: ‘తేదీని ఇకపై సంవత్సరం, నెల, రోజు వరుసలో నిల్వ చేస్తాం. డాలస్ నుంచి వచ్చే ఫైళ్ళలో నెల ముందు, మన ఫైళ్ళలో రోజు ముందు ఉండటంతో మార్చి 4 కాస్తా ఏప్రిల్ 3 అవుతోంది. పాత వరుసనే ఉంచి ఫైలుకో గుర్తు పెడదామన్న ఆలోచన కూడా వచ్చింది. ఎవరో ఒకరు గుర్తు పెట్టడం మరిచిపోతారని వద్దనుకున్నాం. సోమవారం నుంచి అమలు. రిపోర్టుల పేజీ మీద పనిచేస్తున్నవారికి ఇది తగులుతుంది. అభ్యంతరం ఉంటే శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడే రాయండి.’ రాయడానికి ఐదు నిమిషాలు పట్టని ఇలాంటి నోటు ఉండి ఉంటే కరీంనగర్ అబ్బాయికి నాలుగు రోజులు మిగిలేవి. ఇందులో వద్దనుకున్న దారిని, అభ్యంతరానికి గడువును తప్పకుండా రాయించండి. ఎందుకు వద్దనుకున్నారో తెలియకపోతే రెండు నెలల తరువాత ఎవరో ఒకరు అదే ఆలోచనను కొత్తగా మళ్ళీ తెస్తారు. గడువు లేకపోతే దూరంగా ఉన్నవారికి ఇచ్చే అవకాశం పేరుకు మాత్రమే మిగులుతుంది.

ఈ పద్ధతి నిలబడాలంటే లీడ్‌గా మీరు కొంత కఠినంగా ఉండక తప్పదు. నోటు లేని నిర్ణయం మీద ఆధారపడిన కోడ్ రివ్యూకు వస్తే, అది ఎంత బాగున్నా, ఎంత సీనియర్ రాసినా, ‘ముందు నోటు రాయండి’ అని వెనక్కి పంపండి. ‘మొన్న ఏమనుకున్నాం?’ అని ఎవరైనా అడిగితే నోటి మాటగా చెప్పకుండా ఆ నోటు లింకు ఇవ్వండి. లేకపోతే అప్పుడే కూర్చుని రాసి ఇవ్వండి. సొంత కార్యాలయం లేకుండా నడిచే గిట్‌ల్యాబ్ సంస్థ తన పని పద్ధతులను ఒక హ్యాండ్‌బుక్‌గా రాసి ఎవరైనా చదువుకునేలా వెబ్‌లోనే ఉంచింది. వర్డ్‌ప్రెస్.కామ్‌ను నడిపే ఆటోమాటిక్ సంస్థలో ఉద్యోగుల చర్చలు ఈమెయిళ్ళలో కంటే లోపలి బ్లాగుల మీదే ఎక్కువగా సాగుతాయి. అంతంత గ్రంథాలు మీకు అక్కరలేదు. పదకొండు మందికి వారానికి మూడు నాలుగు నోట్లు చాలు.

ఇక వాట్సాప్ గ్రూపు సంగతి. అక్కడ సందడి బాగా ఉంటుందని మీరు సంతోషంగానే రాశారు, అందుకు నేనూ సంతోషిస్తాను. పుట్టినరోజులు, పిల్లల ఫోటోలు, క్రికెట్ అక్కడే ఉండనివ్వండి. కానీ రిలీజ్ వాయిదా పడిందని, ఫలానా బగ్‌ను ఇవాళ తాను చూస్తున్నానని ఆ గ్రూపులో ఎవరైనా రాస్తే, భువనేశ్వర్ ఆయనకు ఆ సంగతి తెలిసే దారి మూసుకుపోయినట్టే. మీ పదకొండు మందిలో తరువాత వెళ్ళిపోయేది ఎవరో ఊహించమంటే నేను ఆయన పేరే చెబుతాను. మీటింగులో ఎవరో తెలుగులో జోకు వేసి అందరూ నవ్వుతున్నప్పుడు, అర్థం కాకపోయినా చిరునవ్వు నవ్వుతూ కూర్చునే మనిషి పరిస్థితి ఒకసారి ఆలోచించండి. తెలుగు మాట్లాడవద్దని నిషేధం పెడితే ఉన్న చనువు కూడా పోతుంది. పని మాట ఏదైనా ఆయన ఉన్న చోటే, ఆయనకు అర్థమయ్యే భాషలోనే జరగాలన్న ఒక్క నియమం సరిపోతుంది. వాట్సాప్‌లో పని మాట కనిపించిన ప్రతిసారీ మీరు ‘దీన్ని ఛానల్‌లో వేయండి’ అని ఒక్క ముక్క రాస్తూ ఉంటే, కొన్ని వారాలకు వాళ్ళే ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెడతారు.

స్టాండప్‌లో వినిపించే ‘ఇబ్బందేమీ లేదు’ అన్న మాటకు మూలం బద్ధకం అని నేను అనుకోను, మొహమాటం అనుకుంటాను. నలుగురిలో సందేహం అడిగితే ఇది కూడా తెలియదా అనుకుంటారేమో అన్న భయంతో మన పిల్లలు ఛానల్‌లో అడగరు. చనువున్న ఒక్కరికి విడిగా మెసేజ్ పెట్టి అడుగుతారు. దానివల్ల ఒకే ప్రశ్నకు ఒకే సీనియర్ వేర్వేరుగా పలుమార్లు జవాబు చెబుతుంటాడు, ఆ జవాబు మిగిలినవారికి ఎప్పటికీ చేరదు. చనువున్నవారు ఎవరూ లేని కొత్తవారైతే ఎవరినీ అడగకుండా తంటాలు పడుతూ, గడువు దగ్గర పడ్డాక ‘చూస్తానండి’ అంటారు. ఆ ‘చూస్తానండి’కి చేయలేనని అర్థమని మనందరికీ తెలుసు, డాలస్‌లో క్లయింటుతో మాట్లాడేవారికి మాత్రం అది చేస్తానన్నట్టుగా వినిపిస్తుంది.

హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించినప్పుడు, ఐకమత్యంగా, బాగా పనిచేసే బృందాలలోనే ఎక్కువ పొరపాట్లు నమోదై కనిపించాయి. వాళ్ళు ఎక్కువ పొరపాట్లు చేయడం వల్ల కాదు, చేసినవాటిని దాచకుండా చెప్పుకోవడం వల్లే అలా కనిపించిందని ఆమె గ్రహించారు. మీ స్టాండప్ నివేదికలు ఇంత మచ్చలేకుండా ఉండటాన్ని నేను ఆ దృష్టితోనే చూస్తున్నాను. ఈ భయం పోవడానికి ‘మొహమాటం లేకుండా అడగండి’ అని ఉపన్యాసం ఇచ్చి ప్రయోజనం లేదు. అడిగితే ఏమీ కాదని వాళ్ళు కళ్ళారా చూడాలి. వారానికి రెండు సార్లైనా మీరే ఛానల్‌లో నిజమైన సందేహం అడగండి: ‘ఈ డేటాబేస్ క్వెరీ ఉదయం పూట మాత్రమే ఎందుకు నెమ్మదిస్తోందో నాకు అర్థం కావడం లేదు, ఎవరైనా చూశారా?’ అన్నట్టు. జూనియర్ ఎవరైనా మీకు విడిగా ప్రశ్న పంపితే, ‘మంచి ప్రశ్న, ఛానల్‌లో వేయండి, అక్కడే జవాబు రాస్తాను’ అనండి; వేసిన పది నిమిషాల్లో నిజంగానే జవాబు రాయండి. ఆ మొదటి ప్రశ్నకు ఛానల్‌లో ఎవరైనా వెటకారంగా బదులిస్తే, ఆ మనిషితో ఆ రోజే ఫోనులో, విడిగా, స్పష్టంగా మాట్లాడండి. ఇక్కడ మాత్రం విడి మాటే మంచిది.

స్టాండప్‌ను వారానికి మూడు రోజులు రాతకు మార్చండి. ఉదయం ఎవరి వీలును బట్టి వారు ‘ఈ రోజు ఏది చేస్తున్నాను, ఎక్కడ ఆగాను, ఎవరి నుంచి ఏం కావాలి’ అని రాస్తే సరిపోతుంది. మిగిలిన రెండు రోజులు మాట్లాడుకోండి, అదీ ఆగిపోయిన పనుల గురించే. వేళ విషయంలోనూ ఒక అన్యాయం నడుస్తూ ఉండవచ్చు, గమనించారో లేదో. డాలస్‌లో ఉదయం తొమ్మిది గంటలంటే వేసవిలో మనకు రాత్రి ఏడున్నర. నవంబరులో వాళ్ళు గడియారాలు వెనక్కి తిప్పుకోగానే అదే మీటింగ్ మనకు ఎనిమిదిన్నరకు జరుగుతుంది. పిల్లల హోంవర్కు, వంట, పెద్దవాళ్ళ భోజనం అన్నీ ఉండే వేళ అది. ఆ భారం ఎక్కువగా మీ టీమ్‌లోని ఆడవారి మీదే పడుతుంది, వాళ్ళు కెమెరా ఆపేస్తే ఆశ్చర్యమేముంది? నెలకు రెండు వారాలు మీటింగును డాలస్ వాళ్ళ రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే వేసవిలో మనకు ఉదయం ఏడింటికి, శీతకాలంలో ఎనిమిదింటికి మార్చి చూడండి. ఇబ్బంది పోదు గానీ అందరికీ పంచినట్టవుతుంది; పంచుకుంటున్నారన్న సంగతి అందరికీ కనిపిస్తుంది కూడా.

కెమెరా తప్పనిసరి చేయవద్దు. 103 మంది ఉద్యోగుల మీద నాలుగు వారాలు జరిపిన ఒక ప్రయోగాన్ని క్రిస్టెన్ షాక్లీ, ఆమె సహ పరిశోధకులు 2021లో ప్రచురించారు. కెమెరా ఆన్ చేసి ఉంచిన రోజుల్లో అలసట పెరిగిందని, ఆ అలసట వల్ల మీటింగులో మాట్లాడటం తగ్గిందని, స్త్రీలకు, కొత్తగా చేరినవారికి ఆ ప్రభావం ఇంకా ఎక్కువగా ఉందని అందులో తేలింది. మీ మేనేజర్ ఆశిస్తున్నదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. పైగా అందరికీ విడి గది ఉండదు. వెనక మంచం మీద ఎవరో పడుకుని ఉండవచ్చు, మిక్సీ మోగుతూ ఉండవచ్చు. మీరు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే పక్షానికి ఒకసారి అరగంటలో మాత్రం ముఖాలు చూసుకుని మాట్లాడుకుందామని అడగండి, కాదనేవారు తక్కువే ఉంటారు. ఆ అరగంట పనుల లెక్కకు కాదు. ‘ఈ రెండు వారాల్లో నీకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఏదైనా ఉందా?’ అన్న ప్రశ్నను ప్రతిసారీ అడగండి.

ఆఫీసు విషయంలో మీ మేనేజర్ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థ 2010-11లో షాంఘై కాల్ సెంటర్‌లో జరిపిన తొమ్మిది నెలల ప్రయోగాన్ని ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం అధ్యయనం చేసింది. ఇంటి నుంచి పనిచేసినవారి పనితీరు 13 శాతం మెరుగైంది, మానేసేవారి సంఖ్య సగానికి తగ్గింది. అయినా ప్రయోగం ముగిశాక మళ్ళీ ఎంచుకోమంటే ప్రయోగంలో పాల్గొన్నవారిలో సగానికి పైగా మనసు మార్చుకున్నారు, అందుకు చెప్పిన కారణాల్లో ఒంటరితనం ఒకటి. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల మీద ఇమాన్యుయేల్, హారింగ్టన్, పలైస్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనంలో, టీమ్ అంతా ఒకే భవనంలో కూర్చున్నప్పుడు జూనియర్ల కోడ్ మీద సీనియర్ల వ్యాఖ్యలు ఎక్కువగా వచ్చాయి. అంటే దూరం వల్ల నష్టం ఉంది, అది ముఖ్యంగా నేర్చుకునే వయసులో ఉన్నవారికి తగులుతుంది.

కానీ మీ మేనేజర్ చెప్పిన మందు ఈ జబ్బుకు కాదు. అదే సీట్రిప్ సంస్థలో 1,612 మంది మీద జరిగిన తరువాతి ప్రయోగంలో వారానికి రెండు రోజులు ఇంటి నుంచి, మూడు రోజులు ఆఫీసులో పని పెడితే రాజీనామాలు మూడోవంతు తగ్గాయని 2024లో ప్రచురించారు. అక్కడ ఆఫీసుకు వచ్చిన మనిషికి తన సహోద్యోగులు కనిపించారు. మీ భీమవరం మనిషి బస్సెక్కి ఏ విజయవాడ ఆఫీసుకో వెళ్ళి, ముక్కూ మొహం తెలియని వేరే టీమ్ వాళ్ళ మధ్య కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ మీతో ఆన్‌లైన్‌లోనే మాట్లాడితే ఒరిగేది ప్రయాణ బడలిక ఒక్కటే. మేనేజరుకు మీరు వేరే లెక్క చూపించండి: ప్రతివారం రాకపోకలకు బదులు మూడు నెలలకు ఒకసారి మూడు రోజులు అందరూ ఒక చోట కలిసేందుకు ఖర్చు ఇవ్వమని అడగండి. మీ విశాఖే అందుకు అనువైన చోటు. హైదరాబాద్ వాళ్ళు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఉదయానికి చేరుతారు, భువనేశ్వర్ నుంచి నేరుగా రైళ్ళున్నాయి. డాలస్ వాళ్ళు ప్రతిసారీ రాలేరు. సంక్రాంతికో దసరాకో సెలవు పెట్టి ఇంటికి వచ్చేటప్పుడు వారి తేదీలు ముందుగా కనుక్కుని, పండుగ రోజులకు అడ్డం రాకుండా ఒక సమావేశాన్ని దానికి జత చేయండి.

ఆ మూడు రోజుల్లో స్లైడ్లు వద్దు. ఇద్దరిద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి నిజమైన టికెట్ల (టీమ్ జాబితాలో నమోదైన పనుల) మీదే పనిచేయించండి. మామూలు రోజుల్లో ఒకరితో ఒకరు తక్కువ మాట్లాడేవారిని, ముఖ్యంగా హైదరాబాద్ వారిలో ఒకరిని, దూరంగా ఉన్నవారిలో ఒకరిని జత చేయండి. ఒక పూట గత మూడు నెలల్లో ఎక్కడెక్కడ సమాచారం తప్పిపోయిందో ఎవరినీ నిందించకుండా గోడ మీద రాసుకోండి. సాయంత్రాలు వాళ్ళకే వదిలేయండి. బీచ్ రోడ్డు మీద ఏం చేయాలో ఎవరూ చెప్పనక్కరలేదు.

చాలామంది లీడ్లు ఇంతవరకు చేసి, అప్రైజల్ దగ్గర అంతా పాడు చేస్తారు. సీట్రిప్ మొదటి ప్రయోగంలోనే ఇంకో సంగతి బయటపడింది: పనితీరు సమానంగా ఉన్నప్పుడు, ఇంటి నుంచి పనిచేసినవారికి పదోన్నతులు తగ్గాయి. కంటికి కనిపించే మనిషి గుర్తుంటాడు. మీ మేనేజర్ హైదరాబాద్ ఆఫీసులో కూర్చునేవారైతే మీ టీమ్‌లోని హైదరాబాద్ నలుగురి వైపు ఆయనకు తెలియకుండానే మొగ్గు ఉంటుంది. రేటింగులు ఇచ్చే నెలలో కాకుండా ఇప్పటి నుంచే ప్రతి ఒక్కరి పేరుతో ఒక పేజీ తెరిచి, నెలకు రెండు మూడు వాక్యాలు రాసి పెట్టండి. అందులో కొత్తవారికి సాయం చేసిన సందర్భాలు, ఛానల్‌లో ఇచ్చిన జవాబులు, అర్ధరాత్రి ప్రొడక్షన్ (క్లయింట్లు వాడుతున్న అసలు సిస్టమ్) ఆగిపోతే లేచి చూసినవి కూడా ఉండాలి. ఆ పేజీని ఆ మనిషికి కూడా కనిపించేలా ఉంచండి.

శుక్రవారపు కార్యక్రమం ఆపేస్తున్నానని చెప్పేయండి. ఎవరూ బాధపడరు. మిగిలిన ఆ నలుగురు నిజంగా ఆడుకోవాలనుకుంటే వాళ్ళే పిలుచుకుంటారు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. నిర్ణయాల నోట్లు, వాట్సాప్ నుంచి పని మాటలను తరలించడం ఈ వారమే మొదలుపెట్టి, ఒక నెల నిలిచాక స్టాండప్ జోలికి వెళ్ళండి. దానికంటే ముందు ఒక పని ఉంది, అది ఆలస్యమైతే అవకాశం పోతుంది: కరీంనగర్ అబ్బాయి చివరి రోజుకు ముందే ఒక గంట అతనితో మాట్లాడండి. ఉండిపొమ్మని బతిమాలడానికి కాదు. తనకు ఆలస్యంగా తెలిసిన సంగతులు ఇంకా ఏమేమి ఉన్నాయి, ఏ ప్రశ్నలు అడగకుండా ఆగిపోయాడు, ఎవరి సాయం దొరికింది, ఎవరిది దొరకలేదు అని అడగండి. సర్ది చెప్పడానికి ప్రయత్నించకుండా విని రాసుకోండి. హెచ్‌ఆర్ వాళ్ళ ఫారంలో ‘మెరుగైన అవకాశం’ అని రాసి వెళ్ళిపోయే మనిషి మీతో వేరే మాటలు చెప్పవచ్చు. అందులో ఏవి మేనేజరుకు చెప్పవచ్చో, ఏవి మీ దగ్గరే ఉంచాలో కూడా అతన్నే అడిగి, అలాగే చేయండి.